మూకుడు పెట్టని రోజులు

ఆ ఎండాకాలంలో నేను ఒకే మాటను పదమూడు సార్లు రాశాను. ‘సాకు’. రెండే అక్షరాలు. గీత దాటకుండా, సిరా మరక పడకుండా గుండ్రంగా రాశాను. నా రాత బాగుందని డాక్టరుగారు అన్న రోజున సిగ్గుతో తల వంచుకున్నాను కానీ, ఇంటికొచ్చాక ఆ సంతోషానికి ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

సర్కారు మారాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. మా మాదాపూర్‌కూ నల్లగండ్లకూ మధ్య బండలగుట్టల్లో జాగీర్దారు గుర్రాల కొట్టాలుండేవి. గుర్రాలు ఎటో పోయాయి. కొట్టాల చుట్టూ ముళ్లతీగ చుట్టి దాన్ని జైలు చేశారు. సంఘంవాళ్లనూ, సంఘంవాళ్లకు ఒక పూట అన్నం పెట్టినవాళ్లనూ ఎక్కడెక్కడి జిల్లాల నుంచో లారీల్లో తెచ్చి అందులో వేశారు. ఇటువైపు కొట్టంలో ఆడవాళ్లు ముప్పై మంది. అటువైపు మగవాళ్లు. మధ్యన మనిషి చేతికి అందనంత గోడ.

మా నాయన రామన్న ఆ జాగీరు కచేరీలో చప్రాసీగా చేసి, కిందటేడు జ్వరం వచ్చి పోయాడు. ఆడ ఖైదీల మీద కాపలాకు ఆడమనిషి కావాల్సి వచ్చినప్పుడు, చప్రాసీ పెండ్లాం కదా, నమ్మకంగా ఉంటుందని మా అమ్మను పిలిచారు. అమ్మ పేరు సక్కుబాయి. పొద్దున్నే నడుముకు తోలుపట్టీ బిగించి, లాఠీ పట్టుకుని బయలుదేరేది. రాళ్లు పేలిపోయే ఎండలో కూడా మణికట్టు దాకా చేతులున్న రవికే తొడిగేది. ఊళ్లో ఆడవాళ్లు నవ్వితే, “మొగడు లేనిదాన్ని, నా సోకు నాకే తెల్వాలె” అని తనే ముందు నవ్వేసేది.

నేను ఆ జైల్లోకి పోయింది రాత కోసం. అక్కడి కంపౌండరు ఎల్లేశానికి ఉర్దూ తప్ప రాయడం రాదు. వారానికోసారి వచ్చే డాక్టరు రామచంద్రంగారిది కోస్తా. ఆయనకు ఉర్దూ ముక్క రాదు. ఎల్లేశం రాసిన చీటీలను తెలుగులో పెద్ద పుస్తకంలోకి ఎక్కించే మనిషి కావాలి. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా రెండూ నేర్చుకున్నది నేనొక్కదాన్నే. పదిహేనేళ్లు నాకు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తేనే చెమటలు పట్టేవి. చెప్పాలనుకున్నవన్నీ కచేరీ కాగితాల వెనకవైపు రాసుకుని పెట్టెలో దాచుకునేదాన్ని.

మదీనాగూడ నుంచి సైకిల్ మీద వచ్చే ఎల్లేశం నన్ను చూడగానే సలాం కొట్టేవాడు.

“ఏం మున్షీ సాబ్, కలం తెచ్చినవా? నోరు మాత్రం ఇంటికాడ మర్సొచ్చినట్టున్నవ్.”

“దాని జోలికి రాకు ఎల్లేశం,” అనేది అమ్మ. “అది మాట్లాడితె నీకు జవాబు దొర్కది.”

పుస్తకంలో నాలుగు గడులు. పేరు, గాయం, మందు, కారణం. మొదటి మూడూ రోజుకొక రకంగా ఉండేవి. కారణం గడిలో రాయడానికి ఎల్లేశం దగ్గర రెండే మాటలున్నాయి. వంటకాడ చెయ్యి కాలితే ఇత్తెఫాక్. తన ఒంటి మీద తనే గాయం చేసుకుంటే బహానా. మొదటిదాన్ని ‘పొరపాటు’ అనీ, రెండోదాన్ని ‘సాకు’ అనీ రాయమని డాక్టరుగారు నాకు నేర్పారు.

చైత్రంలో అట్లాంటివి రెండో మూడో వచ్చాయి. మొదటిసారి ఆ చీటీ చూసి నా కలం ఆగిపోయింది. మనిషి తన చేతిని తానే ఎట్లా కోసుకుంటుంది? అడగలేదు. నా మొహంలో కనబడిందేమో, డాక్టరుగారే కుర్చీలో వెనక్కి వాలి చెప్పారు.

“భయపడకమ్మాయ్. ఇరవయ్యేళ్లుగా జైళ్లలో చూస్తున్నాను. ఇందులో మూడు రకాలుంటాయి. దవాఖానలో పడుకుని పాలు తాగొచ్చని చేసుకునేది ఒకటి. పక్కదాన్ని చూసి చేసుకునేది ఇంకోటి. మతి చలించి చేసుకునేది మూడోది. ఆ మూడో రకాన్ని నేను నా సర్వీసులో ఇద్దరినే చూశాను. మిగిలినదంతా సాకే. జాలి చూపించామో, ఊరంతా పాకుతుంది.”

ఆయన చెడ్డవాడేం కాదు. పిల్లలు కనబడితే ఇవ్వడానికి జేబులో పిప్పరమెంటు బిళ్లలు తెచ్చేవారు. నాకూ ఒకటి ఇచ్చారు. అది చప్పరిస్తూనే ‘సాకు’ అని రాశాను.

అమ్మయితే ఆయన కంటే గట్టిగా మాట్లాడేది. “నాటకాలు సాబ్, అన్ని నాటకాలు. పనిపాట లేకపాయె, గోళ్లు గిల్లుకుంట కూసుంటరు.” ఆ మాటలంటున్నప్పుడు అమ్మ గొంతు ఎందుకో అవసరానికి మించి లేచేది. అది కూడా నా కాగితాల్లో రాసి ఉంది. ఎందుకని మాత్రం రాయలేదు. నాకు తెలియదు.

ఒక కట్టడి ఉండేది. ఒకే మనిషి పేరు ఎదురుగా సాకు అని మూడుసార్లు పడితే ఆమెను పదిహేను రోజులు చీకటి కొట్టడిలో వేస్తారు. చంటిబిడ్డ ఉంటే బిడ్డను పట్నంలో అనాథల ఇంటికి పంపుతారు. బిడ్డ ఉన్నది ఒక్కరికే. పోచమ్మ. భువనగిరి దిక్కు మనిషి. ఆమె మొగుడు నర్సింహ గోడకు అటువైపు ఉండేవాడు. చంకలో రెండేళ్ల బుడ్డి. వచ్చిన పది రోజులకే పోచమ్మ పేరు పుస్తకంలోకి ఎక్కింది. ఒక సాకు.

వైశాఖంలో డాక్టరుగారు కొత్త హుకుం ఇచ్చారు. అన్ని గాయాలూ గాజు పెంకులతోనే అవుతున్నాయి. కాబట్టి కొట్టంలో ఒక్క గాజు కూడా ఉండకూడదు.

“ఎందుకు తీస్తున్నామో మాత్రం చెప్పకండి,” అన్నారు అమ్మతో. “చెబితే ముందే ముక్కలు దాచేస్తారు.”

గేటు లోపలికి వచ్చే ఎవరికైనా అదే కట్టడి. ఆ పొద్దున అమ్మ నన్ను గడప మీద కూచోబెట్టి, కుంకుడు నురుగు రాసి, నా పచ్చగాజులు పన్నెండూ ఒక్కొక్కటే జారవిడిచింది. ఒక్కటీ పగలనివ్వలేదు. దారానికి గుచ్చి దూలానికి వేలాడదీసింది.

మేం జైలు చేరేసరికి గోడకు అటువైపు మూడు లారీలు బయలుదేరుతున్నాయి. దుమ్ము లేచింది. మగవాళ్ల కేకలు వినబడ్డాయి, తర్వాత వినబడలేదు. ఆడవాళ్లందరూ గోడవైపు చూస్తూ నిలబడి ఉన్నారు. సరిగ్గా అప్పుడు మా అమ్మ నురుగు కుండతో, లాఠీతో లోపలికి పోయింది.

“చేతులు జాపుండ్రి,” అంది. “గాజులన్నీ తియ్యాలె.”

ఎవరూ కదల్లేదు. ఒక ముసలామె అడిగింది. “ఎందుకు బిడ్డా?”

“ఎందుకని అడుగొద్దు. హుకుం.”

వాళ్ల మొహాలు మారడం నేను చూశాను. చూశాను కానీ నాకు అర్థం కాలేదు. వరసగా వచ్చి చేతులు చాపారు. పోచమ్మవి బిగుతు గాజులు. నురుగుకు రాలేదు. అమ్మ ఆమె మణికట్టును గుర్రాలు నీళ్లు తాగే రాతి తొట్టి అంచు మీద పెట్టి, లాఠీ మొనతో కొట్టింది. చప్పుడు చిన్నదే.

అప్పుడు పోచమ్మ ఏడుపు ఎత్తుకుంది. “నన్నిడిసి ఎట్ల పోతివి నర్సింహా...” అని. ఆ రాగం నాకు తెలుసు. కిందటేడు మా వాకిట్లో అదే రాగం విన్నాను. ఒకరి వెనక ఒకరు ముప్పై మంది అందుకున్నారు. ఎవరి మొగుడి పేరు వాళ్లు పెట్టి, రొమ్ములు బాదుకుంటూ, బతికున్నవాళ్ల కోసం శవం మీద ఏడ్చినట్టు ఏడ్చారు. లారీలు పోయాయి, వెంటనే గాజులు పగులగొట్టారు. వాళ్లకు ఇంకేం చెప్పాలి?

నేను అమ్మ మొహం చూశాను. ఆమెకు అర్థమైంది. ఊళ్లో ఏ ఆడదానికైనా అర్థమవుతుంది, ఆమెకు అందరికంటే ముందు కావాలి. అర్థమయ్యాక కూడా అమ్మ కుండ కింద పెట్టలేదు. ఇంకా ఎనిమిది మంది మిగిలి ఉన్నారు. ఆ ఎనిమిది మంది చేతులూ ఖాళీ చేసింది.

పొద్దు గూకేలోగా ఐదుగురిని దవాఖాన గదికి తెచ్చారు. నేలలో దిగబడిన పెంకులు మా ఎవరికీ కనబడలేదు; వాళ్లకు కనబడ్డాయి. ఎల్లేశం కట్లు కట్టి ఐదు చీటీలు రాశాడు. ఆ రోజు మున్షీ సాబ్ అనలేదు. చీటీలు నా ముందు పెట్టి సైకిలెక్కి పోయాడు. ఐదింటి మీదా బహానా. అందులో ఒకటి పోచమ్మది. రెండో సాకు.

ఆదివారం డాక్టరుగారు ఆ పేజీ చూసి తల పంకించారు. “చూశారా? మంచి సమయానికే తీయించాం. ఇంకొన్నాళ్లు ఆగితే ముప్పై మందీ చేసుకునేవాళ్లు.”

అమ్మ నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు. నా కాగితాల్లో మాత్రం ఆ రోజు తేదీ వేసి ‘మాకు తెలుసు’ అని రాసి ఉంది. ఆ ఒక్క ముక్కే.

మగవాళ్లను వేరే జైలుకు మార్చారని, అందరూ బతికే ఉన్నారని మూడు రోజుల తర్వాత చెప్పారు. కొందరు నమ్మారు. కొందరికి జాబులు వచ్చాక నమ్మకం కుదిరింది. పోచమ్మకు జాబు రాలేదు. రాసే మనిషి నర్సింహకు దొరికాడో లేదో. ఆమె తిండి మానేసింది. బుడ్డికి మాత్రం పెడుతుంది. పొద్దంతా గోడకు ఆనుకుని తన మణికట్లు తానే చూసుకుంటుంది.

“నీ పెనిమిటి సల్లగున్నడు, లేసి గంజి తాగు,” అంది అమ్మ ఒకరోజు.

“సల్లగుంటె నా గాజులు నాకియ్యి.”

“గాజులియ్యొద్దని కట్టడి ఉన్నది.”

“ఇయ్యవు. ఎందుకిస్తవ్?” పోచమ్మ నవ్వింది. “మోడు చేతులదానివి. నీ లెక్క చేస్తివి గదనే మమ్మల్ని అందర్ని. ఇగ నీకు తోడైనం. కుశీనా?”

అమ్మ లాఠీ ఎత్తుతుందనుకున్నాను. వెనక్కి తిరిగి తొట్టి దగ్గరికి పోయి, దోసిలితో నీళ్లు తీసుకుని మొహం కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. ఆ పూట ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. “ఉడుకపోతున్నదే” అని చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. అంత ఉడుకపోతలోనూ ఆ పొడుగు చేతుల రవిక విప్పలేదు.

శనివారం నాడు పోచమ్మను మళ్లీ దవాఖాన గదికి తెచ్చారు. ఈసారి గాజు కూడా లేదు. ఆమె గోళ్లకు ఏమంటి ఉందో నేను చూశాను. అది రాయలేను. నా పక్కనే నిలబడి ఎల్లేశం చీటీ రాశాడు, మూడో బహానా. “నేనేం జెయ్యాలె, ఇంకో మాట లేకపాయె” అన్నాడు, ఎవరూ అడగకుండానే.

మర్నాడు ఆదివారం. వరండాలో బల్ల, బల్ల మీద పుస్తకం, ఇవతల నేను. డాక్టరుగారి ఎదుట నేల మీద పోచమ్మ, రెండు చేతులకూ కట్లతో, ఒళ్లో బుడ్డితో. పట్నం నుంచి బిడ్డను తీసుకుపోయేందుకు ఒక జవాను బండితో వచ్చి గేటు దగ్గర బీడీ తాగుతున్నాడు. బుడ్డికి డాక్టరుగారు ఎప్పటిలాగే బిళ్ల ఇచ్చారు. అది నోట్లో పెట్టుకుని ఆయన వైపు చూసి నవ్వింది.

“నాకూ బాధగానే ఉందమ్మా,” అన్నారాయన పోచమ్మతో. నిజంగానే ఉంది ఆయనకు. “కానీ నువ్వే తెచ్చుకున్నావు. రాయి అమ్మాయ్.”

నేను కలం ముంచాను. పేరు రాశాను. గాయం రాశాను. మందు రాశాను.

“జర ఆగు భూలక్ష్మీ,” అంది అమ్మ.

జైల్లో అమ్మ నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి. లాఠీని గోడకు ఆనించి బల్ల దగ్గరికి వచ్చింది. మణికట్టు దగ్గరి గుండీ తీసి, రవిక చేతిని మోచేతి పైదాకా మడిచి, ఎడమచేతిని తెరిచిన పుస్తకం మీద వెల్లకిలా పెట్టింది.

మణికట్టు నుంచి మోచేతి దాకా మచ్చలు. పలక మీద బడిపిల్ల గీసిన గీతల్లా వరసగా, ఒకదాని కింద ఒకటి. లెక్కపెట్టబోయి ఆపేశాను.

“దీనికి సాకు అని రాస్తె నాకు సుత రాయుండ్రి సాబ్,” అంది.

ఆ మచ్చలు నేనెరగనివి కావు. కిందటేడు ఒకసారి అమ్మ స్నానం చేస్తుండగా చూశాను. నూనె చిటిలి పడ్డదే, మూకుడు కాడ, అంది. ఎప్పుడంటే, మీ నాయన దినాల్ల, అంది. నేను సరేనన్నాను. ఇంతకాలం సరేననే అనుకున్నాను. ఆ వరండాలో, నా అక్షరాల మీద ఆ చెయ్యి పడుకుని ఉండగా నాకు తట్టింది. నాయన పోయినప్పుడు పదకొండు రోజులూ మా పొయ్యి మీద మూకుడు పెట్టలేదు. చావు జరిగిన ఇంట్లో పెట్టరు. చారుకు తాలింపైనా వెయ్యలేదు. చుట్టాలు తెచ్చిన చప్పిడి కూడు తిన్నాం. నూనె ఎక్కడిది? ఏడాది పాటు పక్కనే పడుకున్నాను, ఆ చేతి మీదనే తల పెట్టుకుని. నూనె ఎక్కడిదని ఒక్కసారీ అనుకోలేదు.

డాక్టరుగారు కళ్లజోడు తీశారు. “ఇది... నువ్వే చేసుకున్నావా? ఎప్పుడు?”

“మా ఆయన పోయినంక.”

“ఎందుకమ్మా?”

ఆయన ఇరవయ్యేళ్ల నౌకరీలో ఆ ప్రశ్న ఎవరినైనా అడిగారో లేదో. మా పుస్తకంలో మాత్రం అడిగినట్టు లేదు.

“ఏం జెప్పాలె సాబ్. నొప్పి ఉన్నది, గని యాడున్నదో దొర్కకపాయె. గీడ చేసుకుంటె, ఆఁ, గీడనే నొస్తున్నది అనిపించేటిది. జరసేపు. మల్ల ఎప్పటి లెక్కనే.” అమ్మ పోచమ్మ వైపు చూడలేదు. “పాల కోసమంటరు మీరు. నాకెవలు పాలు పోస్తరు? ఎవలన్న జూడాలెనని నాటకాలంటిమి. ఇగో ఈ పిల్ల జూస్తదని ఎండల సుత కప్పుకోని తిరిగిన. నాకే తెల్వకుంటె, పోచమ్మకేం తెలుస్తది ఎందుకని? దాని గాజులు పలగ్గొట్టింది నేను. అది రాయుండ్రి కారణం.”

బుడ్డి నోట్లో బిళ్ల పండ్లకు తగిలి టకటకమంటోంది. పోచమ్మ మెల్లగా చెయ్యి చాపి అమ్మ చీర కుచ్చెళ్ల అంచు పట్టుకుంది. పట్టుకుని అట్లాగే ఉంది.

డాక్టరుగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని నా వైపు తిరిగారు. “ఆ గడి ఖాళీగా వదిలెయ్యమ్మాయ్.” తర్వాత జవానును పిలిచి, బండి ఖాళీగానే తీసుకుపొమ్మన్నారు.

సోమవారం నాడు అమ్మ దూలానికున్న నా పచ్చగాజులు తీసి కొంగున కట్టుకుంది. నన్నేమీ అడగలేదు. అడగనక్కర్లేదు కూడా. జైల్లో పోచమ్మ చిక్కి సగమైంది; నావి ఆమెకు నురుగు లేకుండానే ఎక్కాయి. చేతికి ఆరు. ఎల్లేశం చూసి, “నేను జూడలె. నా కండ్లల్ల దుమ్ము వడ్డది” అన్నాడు. ఆ రోజు పోచమ్మ గంజి తాగింది. నేను ఉన్నన్ని రోజులు ఆమె పేరు పుస్తకంలో మళ్లీ రాలేదు.

నేను ఉన్నది ఇంకో తొమ్మిది రోజులే.

జైలు నుంచి లిఫాఫాలో ఒక కాగితం ఎల్లేశమే తెచ్చాడు. ఇంటికి తెచ్చాడు, అందుకే నాకు భయమేసింది. “తెలుగుల ఉన్నది,” అన్నాడు నేల చూస్తూ. “నాకు రాదు, మీ అమ్మకు రాదు. నువ్వే సదువు మున్షీ.”

చదివాను. డాక్టరుగారి చేతిరాత. సక్కుబాయి అనే కాపలా మనిషి పని మీద ఏ ఫిర్యాదూ లేదనీ, అయితే తన దేహానికి తానే హాని చేసుకున్న అలవాటున్న మనిషిని ఆడ ఖైదీల మధ్య ఉంచడం క్షేమం కాదు కనుక తొలగించడమైనదనీ. బుడ్డిని తల్లి దగ్గరే ఉంచుతున్నట్టు కింద ఇంకో వాక్యం. సంతకం. నేను తప్పు చదివానేమోనని మొదటి నుంచి మళ్లీ చదివాను.

“సదివినవు గద, సాలు,” అంది అమ్మ. “పిల్ల తల్లికాడనే ఉంటదన్నడా?”

“ఉంటదన్నడు.”

“ఇగ మంచిదే.” తోలుపట్టీ విప్పి చుట్టచుట్టి ఎల్లేశం చేతిలో పెట్టింది. “లాఠీ ఆడనే ఉన్నది.”

నన్ను కూడా అమ్మ మళ్లీ జైలుకు పంపలేదు. వానలు పడ్డాయి. అమ్మ ఇప్పుడు నాట్లకు పోతోంది. ఊళ్లో అందరిలాగే మోచేతి పైకి ఉండే రవిక తొడుగుతోంది. చూసేవాళ్లు చూస్తారు. ఒకరిద్దరు అడిగారు కూడా. నూనె అని మాత్రం చెప్పడం లేదు. ఏమీ చెప్పడం లేదు.

నిన్న ముసురు పట్టింది, పని లేదు. ఏ పండుగా కాకపోయినా అమ్మ బొబ్బెరపప్పు రుబ్బి, అటక మీంచి మూకుడు దించి బూడిదతో తోమింది. నూనె కాగింది. మొదటి గారె వేస్తుంటే చేతిలోంచి జారి, నూనె చిటిలి అమ్మ చేతి మీద పడింది.

“అబ్బా, సుర్రుమన్నదే!” అని చెయ్యి విదిలించింది.

నేను చెంబుతో నీళ్లు తెచ్చి పోశాను. పోస్తూ అమ్మ చెయ్యి వదలకుండా పట్టుకున్నాను. పాత గీతల మధ్య ఎర్రగా మూడు చుక్కలు లేచాయి. గుండ్రంగా, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, ఏ వరసా లేకుండా.

అమ్మ కూడా వాటినే చూస్తోంది.

“నూనె పడితె గిట్లుంటది బిడ్డా,” అంది.

గారె మాడు వాసన వచ్చేదాకా ఇద్దరం అట్లాగే కూచున్నాం.